మీకు తెలుసా? ఫార్మాట్ కొట్టడానికి కళ్లు అక్కర్లేదు

కంప్యూటర్ మొరాయించినప్పుడల్లా మనవాళ్లు చెప్పే మందు ఒకటే: ‘‘ఫార్మాట్ కొట్టించెయ్.’’ చూపున్నవాళ్లకు అదో పూట పని. చూపు లేని మనిషికి అక్కడే అసలు చిక్కు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఉండేది విండోస్ లోపల. ఆ విండోస్‌నే తుడిచేసి కొత్తది ఎక్కించేటప్పుడు మరి చదివేదెవరు? చాలా ఏళ్లపాటు దీనికి జవాబు ‘పక్కింటి అబ్బాయి’, లేకపోతే ‘షాపులో కుర్రాడు’. ఇప్పుడా జవాబు మారింది. సంగతేమిటంటే, ఆ మార్పు షాపులో కుర్రాడి చెవిన ఇంకా పడలేదు.

మూడు కీలు నొక్కితే

విండోస్ పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేశాక భాష, కీబోర్డు అడిగే మొదటి తెర వస్తుంది కదా, అక్కడ కంట్రోల్, విండోస్, ఎంటర్ కీలు మూడూ కలిపి నొక్కండి. సౌండ్ కార్డును సెటప్ గుర్తుపట్టిందంటే విండోస్ సొంత స్క్రీన్ రీడర్ నరేటర్ మాట్లాడటం మొదలుపెడుతుంది. అక్కణ్నుంచి ట్యాబ్‌తో ఒక బటన్ నుంచి ఇంకో బటన్‌కు వెళ్లడం, స్పేస్‌తో టిక్ పెట్టడం, బాణం కీలతో జాబితాలో పైకీ కిందికీ తిరగడం. మౌస్ ముట్టుకునే పనే లేదు. 2017 నాటి విండోస్ 10 అప్‌డేట్ల నుంచి ఈ వీలుంది. నరేటర్ మాత్రం అంతకు చాలా ముందే, 2000లో విండోస్ 2000తో పాటే వచ్చింది. ఇంట్లో పదిహేడేళ్లు కాపురం చేయనిచ్చారు గానీ, ఇల్లు కట్టే చోటికి మాత్రం రానివ్వలేదన్నమాట.

ఇందులో తిరకాసులు లేకపోలేదు. మొదటి తెర వచ్చిందని చెప్పే చప్పుడేదీ విండోస్ చేయదు. కాస్త ఆగి, నొక్కి, మళ్లీ ఆగాలి. ఓపిక పట్టలేక ఇంకోసారి నొక్కారంటే అప్పుడే గొంతు సవరించుకుంటున్న నరేటర్ ఆగిపోతుంది, ఎందుకంటే ఆన్ చేసేవీ ఆఫ్ చేసేవీ అవే కీలు. ఇంకొకటి: ఫైళ్లు కాపీ అయి మెషీన్ రీస్టార్ట్ అయ్యాక గొంతు దానంతటది తిరిగి రాదు. దేశం, కీబోర్డు, వైఫై అడిగే రెండో విడతలో అవే కీలు మళ్లీ నొక్కాలి. ఏమీ వినపడటం లేదని కంగారుపడి పవర్ బటన్ మీద చెయ్యి వేసేది కొత్తవాళ్లు ఇక్కడే.

గుండె గట్టిగా కొట్టుకునేది హార్డ్‌డిస్కు ఎంచుకునే తెర దగ్గర. అక్కడ సీ డ్రైవ్, డీ డ్రైవ్ అన్న మాటలే వినపడవు. డ్రైవ్ 0 పార్టిషన్ 1, డ్రైవ్ 0 పార్టిషన్ 2 అంటూ నంబర్లు, వాటి సైజులు వినిపిస్తాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ముందుగానే పాత విండోస్‌లో కూర్చుని ఏ పార్టిషన్ ఎన్ని జీబీలో రాసిపెట్టుకుంటారు. ఫొటోలు, పాటలు ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్కును పీకి బీరువాలో పెట్టేస్తారు. అసలు తగిలించి లేని డిస్కును ఎవరూ తుడిచేయలేరు కదా. చూపున్నవాళ్లకూ ఇది మంచి అలవాటే.

విండోస్ 11 హోమ్ అయితే ఇంకో జాగ్రత్త కావాలి. అది ఇంటర్నెట్టూ, మైక్రోసాఫ్ట్ ఖాతా రెండూ ఉంటేనే ముందుకు సాగనిస్తుంది. కొత్త ఖాతా తెరిచేటప్పుడు ‘మీరు రోబో కాదని నిరూపించండి’ అంటూ బొమ్మల పజిల్ ఎదురు కావచ్చు. ఆ ఖాతా ఏదో ముందు రోజే, అలవాటైన ఫోన్‌లోనో మరో కంప్యూటర్‌లోనో తెరిచి పెట్టుకుంటే నడిమధ్యలో ఆగిపోయే బెడద ఉండదు.

ఆఫీసంతా ఒకేసారి మాట్లాడితే?

విండోస్ 10 రోజుల్లో మైక్రోసాఫ్ట్ ఇంకో అడుగు వేసింది. కొత్త కంప్యూటర్ తెరవగానే, ఎవరూ ఏమీ నొక్కకుండానే, కోర్టానా అనే మాటల సహాయకురాలు తనంతట తాను పలకరించి సెటప్ నడిపించేలా చేసింది. చూపు లేనివాళ్లకు అంతకంటే ఏం కావాలి! కానీ ఆఫీసుల్లో పదుల కొద్దీ మెషీన్లను వరసగా పేర్చి ఒకేసారి సెటప్ చేసే ఐటీ వాళ్ల సంగతి వేరు. అన్ని కోర్టానాలూ ఒకదాని మీద ఒకటి ‘హాయ్’ చెబుతుంటే చెవులు మూసుకోవాల్సి వచ్చింది. చివరికి 2019లో ప్రొఫెషనల్, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ రకాల్లో ఆ గొంతును ముందే నొక్కేశారు. నరేటర్ కీలు మాత్రం అలాగే ఉంచారు. న్యాయమైన రాజీయే అనాలి, కాకపోతే ఆ కీలేవో ముందే తెలిసినవాడికే అది న్యాయం.

ఒక బీప్, రెండు బీప్‌లు

ఈ విషయంలో నాకు అన్నిటికంటే ముచ్చటేసేది డెబియన్ లినక్స్. దాని పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే, మెనూ వచ్చి కీ కోసం ఎదురుచూస్తున్నప్పుడు కంప్యూటర్ బీప్ అంటుంది. ఆన్ కాగానే అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రాం పాత తరహా బయాస్ అయితే ఒక బీప్, కొత్త తరహా యూఈఎఫ్ఐ అయితే రెండు. బీప్ అనగల స్పీకర్ మెషీన్‌లో ఉంటే చాలు, ‘మెనూ వచ్చేసింది’ అన్న కబురూ, ‘నేను ఫలానా రకం’ అన్న కబురూ కలిసే చెవిన పడతాయి. అప్పుడు ‘ఎస్’ కీ నొక్కి ఎంటర్ కొడితే మాట వచ్చేస్తుంది. ఆ ‘ఎస్’ కూడా గుర్తులేదనుకోండి, ఏ కీ ముట్టుకోకుండా చేతులు కట్టుకుని కూర్చోండి. అర నిమిషం లెక్కపెట్టి మాటలతో నడిచే ఇన్‌స్టాలేషన్‌ను అదే మొదలుపెడుతుంది. తెర చూడగలిగినవాడు ఆలోపు ఏదో ఒకటి నొక్కుతాడు, నొక్కలేదంటే చూడలేకపోతున్నాడేమో అన్నది ఇక్కడి లెక్క. ఇంత చిన్న ఊహ తట్టడానికి అవతలివాడి కుర్చీలో కూర్చుని ఆలోచించిన మనిషి ఉండాలి.

తర్వాత వచ్చేది ఇంకా బాగుంటుంది. ఈ రోజుల్లో ఒక్క మెషీన్‌లోనే రెండు మూడు సౌండ్ కార్డులుంటాయి. ల్యాప్‌టాప్ స్పీకర్‌కు ఒకటి, హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి వెళ్లేది మరొకటి. మాట ఏ దారిన పోతుందో ఇన్‌స్టాలర్‌కు ఎలా తెలియాలి? అందుకని ఒక్కో కార్డులోంచీ వంతులవారీగా మాట్లాడి, ‘వినపడితే ఎంటర్ నొక్కు’ అంటుంది. వినపడిన చోట నొక్కితే మిగతా కథంతా ఆ స్పీకర్‌లోనే నడుస్తుంది.

ప్రశ్నలూ తేలికే. ప్రతి ప్రశ్నకూ జవాబులు నంబర్లతో వరసగా చదువుతుంది, కావాల్సిన నంబరు టైప్ చేసి ఎంటర్ కొట్టడమే. డిస్కులను సైజుతోనూ, తయారీ పేరుతోనూ కలిపి చెబుతుంది. అన్నీ అయ్యాక, ‘ఈ మార్పులు డిస్కు మీద రాసేయమంటావా?’ అని ఆఖరి ప్రశ్న ఒకటుంటుంది. ఇక్కడ జవాబేమీ ఇవ్వకుండా ఉత్త ఎంటర్ కొడితే అది ‘వద్దు’ కిందే లెక్క. అంతదాకా ఎంటర్, ఎంటర్ అని కొట్టుకుంటూ వచ్చిన వేలు ఇక్కడా అలవాటుగా కొట్టేసినా డిస్కు పదిలంగానే ఉంటుంది. తుడవాలంటే ‘అవును’ అని పనిగట్టుకుని చెప్పాలి. ఇన్‌స్టాల్ అయిపోయాక మాట్లాడే సరంజామా కొత్త సిస్టమ్‌లోకీ దానంతటదే చేరిపోతుంది. కష్టపడి కట్టుకున్న ఇంట్లోకి అడుగుపెట్టగానే మళ్లీ చీకటి కాకుండా ఈ ఏర్పాటు.

ఈ గొంతు డెబియన్ ఇన్‌స్టాలర్‌కు వచ్చింది 2011లో విడుదలైన 6.0తో. ఫ్రాన్స్‌కు చెందిన శామ్యూల్ తిబో లాంటి కొద్దిమంది వలంటీర్లు ఏళ్ల తరబడి పట్టుకుని వేలాడిన ఫలితం ఇది.

సౌండ్ డ్రైవర్ కోసం ఓట్లు

‘‘సౌండ్ డ్రైవర్ తర్వాత వేసుకోవచ్చులే’’ అని షాపులో తేలిగ్గా అనేస్తారు. చూపు లేనివాళ్లకు సౌండ్ లేని కంప్యూటర్ అంటే మానిటర్ పీకేసిన కంప్యూటర్. ఈ సంగతి ఓసారి ఏకంగా ఎన్నికల దాకా వెళ్లింది. కొత్త ల్యాప్‌టాప్‌ల సౌండ్ చిప్‌లు కొన్ని, తయారీదారు ఇచ్చే ఫర్మ్‌వేర్ ఫైలు లేనిదే నోరు తెరవవు. అలాంటి ఫైళ్ల సోర్సు కోడ్ చాలావరకు బయటపెట్టరు. పూర్తి స్వేచ్ఛ ఉన్న సాఫ్ట్‌వేర్ మాత్రమే ఇస్తామని పంతం పట్టిన డెబియన్ వాళ్లు వాటిని తమ అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చేవారు కాదు. దాంతో సరికొత్త ల్యాప్‌టాప్ కొన్న చూపు లేని మనిషికి ఇన్‌స్టాలర్ మూగదైపోయేది. వైఫై, గ్రాఫిక్స్ ఇబ్బందులతో పాటు ఈ మాట కూడా చర్చలో గట్టిగానే వినిపించింది. 2022లో డెబియన్ డెవలపర్లు ఓట్లు వేసి పట్టు సడలించారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఫర్మ్‌వేర్ అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది. సిద్ధాంతం గొప్పదే కావచ్చు. కాకపోతే దాని ఖరీదు ఎవరు కడుతున్నారో ఆ ఓటింగ్ నాటికి గానీ లెక్క తేలలేదు.

అప్పటికీ మాట రాకపోతే చిట్కా ఒకటుంది: చవకరకం యూఎస్‌బీ సౌండ్ కార్డో, యూఎస్‌బీ హెడ్‌సెట్టో తగిలించి చూడటం. ఇవి చాలావరకు ఒకే ప్రమాణంతో తయారవుతాయి కాబట్టి ప్రత్యేక డ్రైవర్ అడగవు. సంచిలో పెన్‌డ్రైవ్ పక్కన అదీ ఒకటి పడేసుకోవడం మంచిది.

తెలుగులో అడుగుతుందా?

డెబియన్ ఇన్‌స్టాలర్‌కు తెలుగు అనువాదం ఉంది. అయితే అది బొమ్మలతో నడిచే ఇన్‌స్టాలర్‌కే పరిమితం. ఉత్త అక్షరాల తెర మీద మన ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా పేర్చడం కుదరదు కాబట్టి తెలుగు, కన్నడం, తమిళం వంటి భాషలను అక్కడ చూపించరు. మాట వచ్చేదేమో ఆ అక్షరాల తెర దారిలోనే. అక్షరం ఎలా కనపడుతుందో పట్టని మనిషికి, అక్షరం సరిగ్గా కనపడదన్న కారణంగా భాష అందకపోవడం! ఇంతకంటే విడ్డూరం ఉంటుందా? అందువల్ల తెలుగువాళ్లు ఈ పని ఇంగ్లిష్‌లో వింటూ చేసుకోవడమే రివాజైంది.

పోనీ ఆ గొంతుకు తెలుగు రాదా అంటే, వచ్చు. అక్కడ మాట్లాడేది ఈస్పీక్. జోనథన్ డడింగ్టన్ అనే ఆయన 1995లో ఏకార్న్ కంప్యూటర్ల కోసం మొదలుపెట్టిన చిన్న ప్రోగ్రాం అది. దాని ఇప్పటి రూపం ఈస్పీక్ ఎన్‌జీ తెలుగు కూడా చదువుతుంది. పలుకు రేకు డబ్బాలో రాళ్లు వేసి ఆడించినట్టే ఉంటుంది, కాదనను. అయినా కొన్ని మెగాబైట్లలో ఒదిగిపోయే గొంతు కాబట్టే ఇన్‌స్టాలర్లలో దానికి చోటు దొరికింది. పైగా వేగం ఎంత పెంచినా దాని మాట తేటగానే ఉంటుంది. అలవాటైనవాళ్లు పెట్టుకునే వేగంలో మనం వింటే ఒక్క ముక్కా అర్థం కాదు, వాళ్లకేమో తియ్యటి గొంతులే నత్తనడకలా అనిపిస్తాయి.

యాపిల్ సంగతి రెండు ముక్కల్లో

మ్యాక్‌లో 2005 ఏప్రిల్‌లో వచ్చిన టైగర్ వెర్షన్ నుంచే వాయిస్ ఓవర్ అనే స్క్రీన్ రీడర్ ఉంది, ఇన్‌స్టాలేషన్ డిస్కులోంచే మాట్లాడేది. కమాండ్, ఎఫ్5 కలిపి నొక్కడమే. అన్నీ తుడిచేసి మళ్లీ వేసుకునే రికవరీ తెరలోనూ అవే పనిచేస్తాయి. టచ్ ఐడీ ఉన్న మ్యాక్‌లలో కమాండ్ పట్టుకుని ఆ బటన్‌ను మూడుసార్లు నొక్కాలి. కొత్త ఐఫోన్‌లో సైడ్ బటనో, హోమ్ బటనో మూడుసార్లు నొక్కితే సరి. ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలో మొదటి తెర మీద రెండు వేళ్లు ఆనించి కాసేపు ఉంచితే వాటి స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ మొదలవుతుంది.

ఇప్పటికీ నోరు విప్పనిది

ఇంత జరిగినా బయాస్ మాత్రం మూగనోము వీడలేదు. పెన్‌డ్రైవ్‌ నుంచి బూట్ కావాలని చెప్పాల్సింది అక్కడే, అక్కడేమో సౌండ్ డ్రైవర్ అన్న ఊసే లేదు. దీన్ని తప్పించుకునే దొడ్డిదారులు వెతికి పెట్టుకున్నారు జనం. విండోస్ ఇంకా బతికే ఉంటే, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ కొడితే ఒక నీలి మెనూ వస్తుంది. అక్కడా కంట్రోల్, విండోస్, ఎంటర్ పనిచేస్తాయి, అందులోంచే పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోవచ్చు. అంతకంటే సుళువు, ఐఎస్ఓ ఫైలును విండోస్‌లోనే తెరిచి సెటప్ నడపడం. ప్రశ్నలన్నీ అక్కడే, అలవాటైన ఎన్‌వీడీఏ గొంతులోనే అయిపోతాయి. ఎన్‌వీడీఏ అంటారా, 2006లో మైకేల్ కరన్ అనే ఆస్ట్రేలియా యువకుడు మొదలుపెట్టిన ఉచిత స్క్రీన్ రీడర్. ఆయనకూ చూపు లేదు.

బయాస్‌లోకి దిగక తప్పకపోతే ఫోనే కన్ను. బీ మై ఐస్ అనే యాప్‌లో వీడియో కాల్ చేస్తే అవతల ఓ వలంటీర్ చూసి చెబుతారు, లేదా సీయింగ్ ఏఐ వంటి యాప్‌తో తెరను చదివించుకోవచ్చు. నీలం మీద తెలుపు అక్షరాలు, తెర మీద లైటు వెలుగు పడి మెరుపు... యాప్ ఓసారి చదువుతుంది, ఓసారి తికమకపడుతుంది. ఇంకాస్త పట్టుదల ఉన్నవాళ్లు హెచ్‌డీఎంఐ క్యాప్చర్ పరికరం కొని, మూగ కంప్యూటర్ తెరను మాట్లాడే కంప్యూటర్‌లోకి వీడియోగా తెచ్చుకుని, అక్కడ అక్షరాలను గుర్తుపట్టించి వింటారు.

ఒక కంప్యూటర్ గొంతును ఇంకోదానికి అరువిచ్చే పద్ధతి డెబియన్‌లోనూ ఉంది. నెట్‌వర్క్ కన్సోల్ ఆన్ చేస్తే మిగతా ఇన్‌స్టాలేషన్ అంతా పక్క మెషీన్ నుంచి ఎస్ఎస్‌హెచ్ ద్వారా నడుపుకోవచ్చు. రాస్ప్‌బెర్రీ పై బోర్డుకైతే తెర తగిలించే పనే లేదు. యూజర్ పేరు, పాస్‌వర్డ్, వైఫై అన్నీ మెమరీ కార్డు తయారుచేసేటప్పుడే ఇమేజర్‌లో రాసి పెట్టేయవచ్చు.

ఎఫ్8 రోజులు

విండోస్ ఎక్స్‌పీ కాలంలో ఇవేవీ లేవు. నీలిరంగు అక్షరాల తెర, పూర్తి నిశ్శబ్దం. అప్పట్లో వరస బట్టీ పట్టేవారు: ముందు ఎంటర్, ఒప్పందానికి ఎఫ్8, పాత విండోస్ ఉంటే ఎస్కేప్, పార్టిషన్ తీసేయాలంటే డీ, తర్వాత ఎల్. సీడీ తిరిగే చప్పుడు ఆగిందంటే ఏదో అడుగుతోందని ఊహించుకోవాలి. ఇరవై అయిదు అక్షరాల ప్రొడక్ట్ కీ ఉండేదేమో క్యాబినెట్‌కు అతికించిన స్టిక్కర్ మీద, కంటికి తప్ప వేలికి తగలని అచ్చులో.

దానికి విరుగుడుగా దొరికింది జవాబుల ఫైలు. నిజానికి మైక్రోసాఫ్ట్ దాన్ని వందల కంప్యూటర్లు నడిపే కంపెనీల కోసం పెట్టింది. అడగబోయే ప్రశ్నలన్నిటికీ జవాబులు ముందే ఒక ఫైలులో రాసి, ఎక్స్‌పీకైతే విన్‌ఎన్‌టీ డాట్ ఎస్ఐఎఫ్ అన్న పేరుతో ఫ్లాపీలో పెట్టేవారు. విస్టా నుంచి దాని పేరు ఆటోఅన్‌అటెండ్ డాట్ ఎక్స్ఎంఎల్, పెన్‌డ్రైవ్‌లో అన్ని ఫోల్డర్లకూ బయట పెడితే సెటప్ దాన్ని వెతుక్కుని చదువుతుంది. ఏ డిస్కు, ఏ టైమ్ జోన్, యూజర్ పేరేమిటి, అంతా అందులోనే. పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేసి టీ తాగి వచ్చేసరికి డెస్క్‌టాప్ సిద్ధం. నరేటర్ వచ్చాక కూడా చాలామంది దీన్ని వదలకపోవడానికి కారణం అదే.

ప్రమాదమల్లా ఒక్కటే. ‘డిస్కు మొత్తం తుడువు’ అన్న జవాబు కూడా ఆ ఫైలులోనే ఉంటే ఆ పెన్‌డ్రైవ్ ఎవర్నీ ఏమీ అడగదు. పాటలు ఎక్కించుకుందామని బావమరిది దాన్ని తన ల్యాప్‌టాప్‌కు పెట్టి, అలాగే వదిలేసి రీస్టార్ట్ చేశాడంటే, ఆ మెషీన్ యూఎస్‌బీ నుంచి ముందు బూట్ అయ్యే రకమైతే, ఆయన పెళ్లి వీడియోతో సహా అన్నీ గోవిందా. కాబట్టి ఆ ఒక్క పెన్‌డ్రైవ్‌కు గట్టిగా రబ్బరు బ్యాండు చుట్టి, మిగతావాటితో కలపకుండా వేరే డబ్బాలో దాచుకోవాలి.